ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకిచ్చిన అంశం "విద్యుత్ రంగంలో నా అనుభవాలు". ముప్పై ఏళ్ళకు పైగా సబ్‌స్టేషన్ల చుట్టూ తిరిగినవాణ్ణి కాబట్టి ఇచ్చారు. వారం క్రితం ఫోన్ చేసి, అంశం మార్చుకుంటానండీ అన్నాను. దేని గురించి అని అడిగారు. ఒక క్యాన్సర్ మందును ఎలా పరీక్షించారో చెబుతానన్నాను. అవతల కాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత, "స్వర్ణోత్సవం నాయనా, మరీ ఏడిపించకు" అన్నారు. ప్రయత్నిస్తాను. నేను డాక్టర్ని కాదు. ఐదేళ్ళుగా ఈ సంగతి చదవక తప్పని పరిస్థితి వచ్చినవాణ్ణి, అంతే. మన బడిలో చదివి డాక్టర్లయినవాళ్ళు ముందు వరుసలో కూర్చున్నారు. తప్పు చెబితే అక్కడే ఆపండి. మా ఇంటి విషయాలు కూడా చెబుతాను, ఇంట్లో అందరినీ అడిగే వచ్చాను.

నేను పదో తరగతిలో ఉండగా మా అమ్మ పోయింది. 1984, పరీక్షలకు పదిహేను రోజుల ముందు. మా లెక్కల మాస్టారు హాల్ టికెట్ తీసుకుని ఇంటికి వచ్చారు, అరుగు మీద నా పక్కన కూర్చుని ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయారు. నా బ్యాచ్ వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అమ్మకు 44 ఏళ్ళు. "కడుపులో గడ్డ" అన్నారు. ఆరేళ్ళ తర్వాత మా పిన్ని పోయింది. ఆమెకు 39. రొమ్ములో గడ్డ. ఒకరిది కడుపు, ఒకరిది రొమ్ము. రెండింటికీ సంబంధం ఉందన్న ఊహ మాకెవరికీ లేదు. మా మేనత్త మాత్రం ఆ ఇంటి ఆడపిల్లలకు ఆయుష్షు లేదని అనేది. ఆ మాట మా నాన్నకు కోపం తెప్పించేది.

పిన్ని పోయిన ఆ 1990లోనే అమెరికాలో మేరీ క్లెయిర్ కింగ్ అనే శాస్త్రవేత్త, కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా వస్తున్న రొమ్ము క్యాన్సర్‌కు కారణమైన జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉందని చూపించారు. 1994లో ఆ జన్యువు చేతికి చిక్కింది. దాని పేరు బ్రాకా1. మరుసటి ఏడాది బ్రాకా2 దొరికింది. ఇవి మనందరిలో ఉండే జన్యువులే. ఉండటం జబ్బు కాదు, వాటిలో లోపం ఉండటమే జబ్బు. బ్రాకా1లో పుట్టుకతో లోపం ఉన్న ఆడవాళ్ళు వందమందిని తీసుకుంటే 80 ఏళ్ళ లోపు దాదాపు 72 మందికి రొమ్ము క్యాన్సర్, 44 మందికి అండాశయ క్యాన్సర్ వస్తాయని అంచనా. ఇది తల్లి నుంచే కాదు, తండ్రి నుంచీ వస్తుంది. బిడ్డ ఆడైనా మగైనా సగానికి సగం అవకాశం. మేనత్త మాటలో ఈ ఒక్క సంగతీ లేదు. ఆమె ఆడపిల్లలనే లెక్కపెట్టింది, మగవాళ్ళు మోసుకొచ్చేది లెక్కలోకి రాలేదు.

ఇక మా అక్క. 2021లో అక్కకు 56 ఏళ్ళు. పొట్ట ఉబ్బరం, నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండినట్టుండటం. గ్యాస్ అనుకుని ఐదు నెలలు మాత్రలు మింగింది. చివరికి స్కాన్ తీస్తే అండాశయ క్యాన్సర్, మూడో దశ. ఒక నగరంలో పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ చిన్న వయసామె, ఓపిగ్గా అన్నీ అడిగింది. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అండీ? అమ్మగారికి, పిన్నులకు, అమ్మమ్మ వైపు?" బావ నా వైపు చూశాడు. ఆయనకు మా ఇంటి పాత సంగతులు అంతగా తెలియవు. నాకు తెలుసు. ఆ నెలలోనే మా మేనకోడలికి ఒక మంచి సంబంధం మాటల్లో ఉంది. "లేదండీ" అన్నాను.

ఆమె కాగితం మీద "నిల్" అని రాసుకుంది. అయినా వదల్లేదు. ఇంట్లో ఉన్నా లేకపోయినా ఈ క్యాన్సర్ వచ్చినవాళ్ళందరికీ జన్యుపరీక్ష చేయించడం మంచిది, అదే ఇప్పటి పద్ధతి అంది. ఎంతవుతుంది, ఎన్నాళ్ళు పడుతుంది అని అడిగి, "ఎవరికీ లేదు కదండీ, ఆపరేషన్ అయ్యాక చూద్దాం" అన్నదీ నేనే. అక్క నా వైపు చూసింది, నోరు మెదపలేదు. ఆ చూపు తర్వాత చెబుతాను. ముందు మందు సంగతి.

కణంలో ఉండే డీఎన్ఏ రెండు పేటల తాడు లాంటిది. రోజూ ప్రతి కణంలోనూ వేల చోట్ల ఆ పేటలు చిట్లుతుంటాయి. ఒక్క పేట చిట్లితే దాన్ని కనిపెట్టి, అక్కడ వాలి, మరమ్మతు చేసేవాళ్ళను పిలిచే లైన్‌మన్ ఒకడున్నాడు. అతని పేరు పార్ప్. రెండు పేటలూ ఒకేచోట తెగితే అతని వల్ల కాదు. దానికి వేరే ముఠా రావాలి. ఆ ముఠాలో ముఖ్యులే బ్రాకా1, బ్రాకా2. పక్కనే ఉన్న రెండో ప్రతిని నకలు చూసుకుంటూ తెగిన చోట ఉన్నది ఉన్నట్టు కడతారు. వాళ్ళు లేకపోతే కణం చేతికందిన కొసలు ముడేసుకుని, తప్పుల మీద తప్పులు పోగేసుకుంటుంది.

లోపంతో పుట్టిన మనిషికి కూడా ప్రతి కణంలో ఒక మంచి ప్రతి ఉంటుంది, అమ్మ దగ్గరిది పాడైతే నాన్న దగ్గరిది. దానితో బండి నడుస్తుంది. ఏదో ఒక కణంలో ఆ మంచి ప్రతి కూడా పోయినప్పుడు క్యాన్సర్ మొదలవుతుంది. అంటే ఆ మనిషి ఒంట్లో మామూలు కణాలకు రెండు ఫీడర్లున్నాయి. క్యాన్సర్ కణానికి ఒకటి కాలిపోయింది, రెండోదాని మీద బతుకుతోంది. ఆ రెండోదాన్ని కావాలని ట్రిప్ చేస్తే? మామూలు కణాల్లో దీపాలు వెలుగుతూనే ఉంటాయి, క్యాన్సర్ కణం చీకటైపోతుంది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచీ, ఒక ఫీడర్ పోయి ఉండగా రెండోదాని జోలికి పోవద్దని మాకు చెబుతారు. ఈ మందు చేసేది సరిగ్గా ఆ పనే.

2005 ఏప్రిల్‌లో నేచర్ పత్రిక ఒకే సంచికలో ఇంగ్లండు నుంచి రెండు బృందాలు ఈ సంగతి ప్రకటించాయి. ఒకటి షెఫీల్డ్, న్యూక్యాసిల్ వాళ్ళది, రెండోది లండన్, కేంబ్రిడ్జి వాళ్ళది. బ్రాకా లోపమున్న కణాల మీద పార్ప్‌ను అడ్డుకునే మందు వేస్తే అవి చచ్చిపోతున్నాయి, మంచి బ్రాకా ఉన్నవి బతుకుతున్నాయి. మందు పార్ప్ పని ఆపడమే కాదు, ఆ లైన్‌మన్‌ను స్తంభానికే అతికించేస్తుందని తర్వాత తెలిసింది. తాడుకు నకలు తీసే యంత్రం వచ్చి అతన్ని గుద్దుకుంటుంది, రెండు పేటలూ తెగుతాయి, కట్టే ముఠా లేదు.

పాత కీమో మందుల దారి వేరు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ పిల్లలకు కొన్నాళ్ళు ఊపిరి పోశారు. ఆ ఫలితాలు 1948లో అచ్చయ్యాయి. ఆ మందులు త్వరగా విభజన చెందే ప్రతి కణాన్నీ కొడతాయి, జుట్టునూ పేగునూ కూడా. ఒక్క కణపు బలహీనతను వెతికి కొట్టడం కొత్త దారి.

గాజు పళ్ళెంలో కణాలు చావడం వేరు, మనిషికి ఇవ్వడం వేరు. ఒలాపరిబ్ అనే ఈ జాతి మందు మొదటి దశ పరీక్ష లండన్ దగ్గర రాయల్ మార్స్‌డెన్ ఆసుపత్రిలోనూ, ఆమ్‌స్టర్‌డామ్‌లోనూ జరిగింది. 60 మంది. అందరూ అప్పటికి ఎన్నో చికిత్సలు అయిపోయినవాళ్ళే. మేం కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒక్కసారిగా పూర్తి లోడు ఇవ్వం. వీళ్ళూ రోజుకు 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, పూటకు 600 వరకు, రోజుకు రెండు పూటలు, మెల్లమెల్లగా పెంచారు. 600 దగ్గర ఐదుగురిలో ఇద్దరికి ఒళ్ళు తట్టుకోలేదు, ఒకరికి ప్లేట్‌లెట్లు పడిపోయాయి, ఒకరు మగతలోకి పోయారు. 400 దగ్గర ఆగారు. 2009లో ఫలితాలు అచ్చయ్యాయి. గడ్డ తగ్గడమన్నది బ్రాకా లోపమున్నవాళ్ళలోనే కనిపించింది. లోపం ఉండి, అండాశయ, రొమ్ము, ప్రొస్టేట్ క్యాన్సర్లలో ఏదో ఒకటి ఉండి, ఫలితం కొలవడానికి వీలైన 19 మందిలో 12 మందికి మేలు జరిగింది. లోపం లేనివాళ్ళలో గడ్డ తగ్గలేదు.

ఆ వ్యాసంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఆ 60 మందిలో ఒకరి కుటుంబంలో ఈ క్యాన్సర్లు బలంగా ఉన్నాయి, కానీ ఆ మనిషి జన్యుపరీక్షకు ఒప్పుకోలేదు. ఆడో మగో, ఏ ఊరో అక్కడ లేదు. మందుకు ఒప్పుకుని, ఏం తేలుతుందో తెలుసుకోవడానికి మాత్రం వద్దన్నారు. నాకు ఆ మనిషి చాలా దగ్గరివాడిలా అనిపించాడు.

తర్వాతి పరీక్ష కథ ఇంజనీర్లందరూ వినాలి. క్యాన్సర్ తిరగబెట్టి, కీమోకు మళ్ళీ లొంగిన అండాశయ క్యాన్సర్ వాళ్ళు 265 మందిని తీసుకున్నారు. సగం మందికి మందు, సగం మందికి చూడ్డానికి అలాగే ఉండే ఉత్తుత్తి మందు. ఎవరికి ఏది వెళ్ళిందో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. పూటకు ఎనిమిది గొట్టం మాత్రలు, రోజుకు 16. సగం మంది ఏ మందూ లేని పదహారు గొట్టాలు రోజూ మింగారు. వాళ్ళు లేకపోతే మనకు ఏ అంకే లేదు.

ఆ పరీక్షలో చేరడానికి బ్రాకా లోపం ఉండాలన్న షరతు పెట్టలేదు. ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ కలిసిపోయారు. క్యాన్సర్ మళ్ళీ పెరగడానికి పట్టిన కాలం 4.8 నెలల నుంచి 8.4 నెలలకు పెరిగింది, కానీ మొత్తం ఆయుష్షు పెరిగే సూచన కనబడలేదు. 2011 డిసెంబరులో కంపెనీ, అండాశయ క్యాన్సర్‌కు చివరి దశ పరీక్షలకు వెళ్ళడం లేదని ప్రకటించింది. అదే ఏడాది జనవరిలో ఇనిపరిబ్ అనే ఇంకో మందు రొమ్ము క్యాన్సర్‌లో విఫలమై, ఈ దారి మొత్తానికీ చెడ్డపేరు తెచ్చింది. అసలది పార్ప్‌ను సరిగ్గా అడ్డుకునే మందే కాదని తర్వాత తేలింది. ఒక మీటరు తప్పు చూపించిందని లైను మొత్తం మూసేసినట్టయింది.

కానీ పరిశోధకులు దాచి ఉంచిన నమూనాలు తీసి, ఆ 265 మందిలో ఎవరికి లోపం ఉందో మళ్ళీ వెతికారు. లోపం ఉన్నవాళ్ళను విడిగా లెక్క వేస్తే 4.3 నెలలు కాస్తా 11.2 నెలలు. సగటులో ఆ మేలంతా పలచబడిపోయింది. జిల్లా మొత్తానికి సగటు వోల్టేజీ బాగానే ఉందని రాసే రిపోర్టులు నేనూ రాశాను, చివరి ఊళ్ళో మోటార్లు కాలిపోతుండగా.

2014 జూన్‌లో అమెరికా ఔషధ సంస్థ సలహా కమిటీ దీన్ని చూసి, 11 మంది వద్దు, ఇద్దరు సరే అన్నారు. పరీక్ష అయ్యాక తవ్వి తీసిన లెక్క కదా, ముందే అనుకుని చేసే పెద్ద పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగుదామన్నారు. చాలామంది వాళ్ళను తిట్టారు. నేను ఆ కమిటీలో ఉంటే నేనూ ఆ పదకొండులోనే ఉండేవాణ్ణి. కొట్టిన బాణం చుట్టూ తర్వాత గీత గీయడం సులువు. అయితే అదే డిసెంబరులో, మూడు లేక అంతకంటే ఎక్కువ విడతల కీమో అయిపోయిన, పుట్టుకతో బ్రాకా లోపమున్న అండాశయ క్యాన్సర్ వాళ్ళకు మందును అనుమతించారు. మందుతో పాటు ఆ లోపాన్ని కనిపెట్టే రక్తపరీక్షనూ కలిపే అనుమతించారు. పరీక్ష లేకపోతే మందు ఎవరికివ్వాలో తెలియదు. ఆ రెండూ ఒక్కటే సరుకు.

ఆ తర్వాత వచ్చిన పరీక్ష గురించి చదివినప్పుడు నేను రెండు రోజులు ఆఫీసుకు పోలేదు. అది 2018లో అచ్చయింది. ఈసారి 391 మంది, అందరికీ బ్రాకా లోపం ఉంది, అందరికీ అండాశయ క్యాన్సర్ అప్పుడే మొదటిసారి బయటపడి, మొదటి కీమోకు లొంగింది. అప్పటి నుంచే రెండేళ్ళు మందు. మూడేళ్ళ తర్వాత జబ్బు ముదరకుండా బతికి ఉన్నవాళ్ళు, మందు వేసుకున్నవాళ్ళలో వందకు 60, ఉత్తుత్తి మందు వేసుకున్నవాళ్ళలో 27. ఏడేళ్ళ తర్వాత ప్రాణాలతో ఉన్నవాళ్ళు ఒకవైపు వందకు 67, ఇంకోవైపు 46.5.

మొదటి కీమో అయిన వెంటనే. నేను "లేదండీ" అన్నది సరిగ్గా అక్కడ.

అక్కకు ఆపరేషన్, కీమో అయ్యాయి. బాగా లొంగింది. పద్నాలుగు నెలలకు తిరగబెట్టింది. అప్పుడు అక్కే డాక్టరమ్మతో చెప్పింది. "మా అమ్మకు, మా పిన్నికి ఉందమ్మా. వీడు పిల్ల పెళ్ళి కోసం దాచాడు. నేనూ ఊరుకున్నాను" అంది. నేను అక్కడే ఉన్నాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, పాత కాగితం మీద "నిల్" కొట్టేసి కొత్తగా రాసుకుంది. మూడు వారాల్లో రిపోర్టు వచ్చింది. బ్రాకా1. కీమో మళ్ళీ లొంగాక ఒలాపరిబ్ మొదలుపెట్టారు. ఇప్పుడది బిళ్ళల రూపంలో వస్తుంది, పూటకు రెండే. రక్తం పడిపోయి రెండుసార్లు ఎక్కించాల్సి వచ్చింది, నీరసం, వికారం ఉండేవి. అయినా ఆ పంతొమ్మిది నెలలు అక్క అక్కలాగే ఉంది. కొత్త ఆవకాయ పెట్టింది, కూతురి పెళ్ళి చేసింది. తర్వాత మందు పనిచేయడం మానేసింది. కొన్ని క్యాన్సర్ కణాలు పోయిన బ్రాకాను తిరిగి సరిచేసుకుంటాయట, కాలిపోయిన ఫీడర్‌ను అవే బాగుచేసుకున్నట్టు. పోయిన ఏడాది వెళ్ళిపోయింది.

మొదటే చెప్పి ఉంటే బతికేదా అని నన్ను నేను అడుగుతుంటాను. 60కీ 27కీ మధ్య ఉన్న 33 మందిలో మా అక్క ఉండేదో లేదో ఏ పరీక్షా చెప్పదు. పరీక్షలు గుంపుల గురించే చెబుతాయి. నా బావ "దాని రాత" అంటాడు. నా మీద దయతో అంటాడని నాకు తెలుసు.

మందు గొప్పదని చెప్పడానికి రాలేదు. బ్రాకా లోపంతో పాంక్రియాస్ క్యాన్సర్ ముదిరినవాళ్ళ మీదా పరీక్షించారు, 2019లో ఫలితాలొచ్చాయి. చికిత్సకు అతి మొండి క్యాన్సర్ అది. 3,315 మందిని జల్లెడ పడితే చివరికి పరీక్షలో నిలిచినవాళ్ళు 154. జబ్బు పెరగకుండా ఆగిన కాలం 3.8 నుంచి 7.4 నెలలకు పెరిగింది. మొత్తం ఆయుష్షు మాత్రం రెండు గుంపుల్లోనూ ఒక్కటే, 19 నెలలు. ఇంత వెతికి, ఇంత ఖర్చు పెట్టి, అంతే. ఈ మందుతో అరుదుగా కొందరికి తర్వాత రక్త క్యాన్సర్ కూడా వస్తుంది. డాక్టర్లు ఇవన్నీ చెప్పే ఇస్తారు.

జబ్బు రాకముందే లోపం తెలిస్తే మందుకంటే ముందున్న దారులున్నాయి. బ్రాకా1 ఉన్న ఆడవాళ్ళకు, పిల్లలు పుట్టాక, 35-40 ఏళ్ళ మధ్య అండాశయాలు, నాళాలు తీయించుకోమని సలహా ఇస్తారు. రొమ్ములకు ఏటా స్కాన్. మా అమ్మకు ఆ వయసులో నేను ఇదే బడిలో ఆరో తరగతి.

అక్క రిపోర్టు వచ్చాక ఇంట్లో అందరం పరీక్ష చేయించుకోవాలన్నారు. నేను పదమూడు నెలలు వాయిదా వేశాను. మగవాడికెందుకు అన్నాను, ఆడిట్ ఉందన్నాను, బదిలీ ఉందన్నాను. ఆమ్‌స్టర్‌డామ్‌లోనో లండన్‌లోనో వద్దన్న ఆ ఒక్క మనిషిని అప్పుడు బాగా అర్థం చేసుకున్నాను. మా మేనకోడలు ముందు వెళ్ళింది, కాబోయే అల్లుణ్ణి వెంటబెట్టుకుని. ఆ అబ్బాయికి విషయమంతా తనే చెప్పింది. ఆమెకు లోపం లేదు. ఏ పిల్ల పెళ్ళి చెడుతుందని నేను అబద్ధమాడానో ఆ పిల్లకు లేదు. నాకు ఉంది.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. ఒక్క నిమిషం. మధ్యాహ్నం భోజనాల దగ్గర, పాత సైన్సు గది ముందు వరండాలో నేను ఒక బల్ల వేసుకుని కూర్చుంటాను. ఉపన్యాసం ఇవ్వను. తెల్లకాగితాలు, పెన్సిళ్ళు ఉంటాయి. అమ్మ వైపు, నాన్న వైపు మూడు తరాలు, ఎవరు ఏ వయసులో దేనితో పోయారో గీసుకోండి. "కడుపులో గడ్డ" అని విన్నా అదే రాయండి. ఆ కాగితం మీరే తీసుకుపోండి, నాకివ్వక్కర్లేదు. మన డాక్టర్లు ఇద్దరు పక్కన కూర్చుంటామన్నారు.

మా అబ్బాయికి లోపం లేదని పోయిన నెల తెలిసింది. మా అమ్మాయికి 26 ఏళ్ళు. నేను చెప్పకుండానే వెళ్ళి రక్తం ఇచ్చి వచ్చింది. మూడు వారాలన్నారు. రేపు మంగళవారానికి మూడు వారాలు.